పాటయందలి ప్రసాదము

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



మన అష్టావరణములలో ప్రసాదమొకటి. లింగమునకు అర్పింపబడి భక్తుని చేతికి తిరిగి వచ్చినదేదైనను ప్రసాదమే. అది జొన్నరొట్టె తునకయైనను, పిడికెడు పేలాలైనను, దాని రుచిని ఎంచుటయు, వాసనకు ముక్కు మూసికొనుటయు తగదని మన పెద్దలు పిన్ననాటినుండియు నేర్పినారు. పంక్తిలో కూర్చున్న పిల్లవాడు విస్తరిలో ప్రసాదమును విడిచినచో తల్లి ఊరకుండదు. అన్నము విషయమున ఈ నియమము మన యిండ్లలో నేటికిని నిలిచియున్నది. అయితే చెవికి అందెడి ప్రసాదమును గూర్చి మనమంత శ్రద్ధ వహించుచున్నామా? ఇంట అవ్వ పాడెడి పాటను, మఠమున పామరుడు పాడెడి పదమును మనము ఏ భావముతో వినుచున్నాము? ఈ ప్రశ్నను ముందుంచుకొని నాలుగు మాటలు విన్నవించుకొందును.

షట్‌స్థల సిద్ధాంతము ప్రకారము ఒకే లింగము ఆరు విధములుగా మనయందు నెలకొనియున్నది. ముక్కునందు ఆచారలింగము, నాలుకయందు గురులింగము, కంటియందు శివలింగము, చర్మమునందు జంగమలింగము, చెవియందు ప్రసాదలింగము, హృదయమునందు మహాలింగము. ముక్కు గంధమును, నాలుక రుచిని, కన్ను రూపమును, చర్మము స్పర్శను, చెవి శబ్దమును ఆయా లింగములకు అర్పింపవలెను. హృదయము తృప్తిని అర్పింపవలెను. ఈ వరుసను పాఠము వలె ఒప్పగించువారు మనలో పలువురున్నారు. అయినను ఇందొక విశేషమున్నది. ప్రసాదలింగమునకు స్థానము నాలుక కాదు, చెవి. నోటితో తినునదే ప్రసాదమని తలచు మనకు, వినునది కూడ ప్రసాదమేయని పెద్దలు ఈ ఏర్పాటు చేతనే తెలిపియున్నారు.

ఈ విషయమును మనసున నాటునట్లు చేయు కథ బసవపురాణమున కలదు. అది కిన్నర బ్రహ్మయ్యగారి కథ. కిన్నెర మీటుచు శివుని కొలిచిన శరణుడాయన. ఒకనాడు ఉల్లిగడ్డల ప్రసక్తి వచ్చినప్పుడు బసవన్న వాని వాసనను ఏవగించుకొనినట్లు మాటాడెను. బ్రహ్మయ్య మనసు నొచ్చుకొని ఆ గోష్ఠిని విడిచి వెడలిపోయెను. భక్తులు శివునకు అర్పించి ఆరగించు వస్తువును నిందించుట ఆ భక్తులను నిందించుటయేయని ఆయన భావము. బసవన్న బిజ్జలుని కొలువున దండనాయకుడు. తన మాటను సమర్థించుకొనుటకు ఆయనకు మాటలు కరవు కావు. అయినను ఆయన వాదమునకు దిగలేదు. ఉల్లిగడ్డలను తెప్పించి, వానికి గౌరవము చేసి, ఉత్సవముగా నడచి, బ్రహ్మయ్యను అనునయించి తోడ్కొని వచ్చెను.

ఈ కథను మన పిల్లలు విని నవ్వుదురు. ఉల్లికి ఉత్సవమేమని అడుగుదురు. వారికి ఇట్లు చెప్పవలెను. ఆ దినమున ఉల్లిగడ్డ మారలేదు. దాని ఘాటు దానికున్నది. బసవన్న ముక్కు కూడ మారినదని కవి చెప్పలేదు. ఆ వస్తువు ఎవరి చేతినుండి వచ్చినది, ఎవరికి అర్పింపబడినది అను దృష్టి మాత్రము ముందుకు వచ్చినది. గౌరవము ముందు కలిగినది; ఇష్టము దాని వెంట నడచినది. మనము సాధారణముగా దీనికి వ్యతిరేకముగా ఆలోచింతుము. నచ్చినచో గౌరవింతుము, నచ్చనిచో తొలగుదుము. శరణుల మార్గము వేరు.

ఉల్లిని గూర్చిన ఈ పాఠము పాటకు కూడ అక్షరాల వర్తించును. ఒక పాట మనకు నచ్చలేదన్నప్పుడు నిజముగా నచ్చనిది దాని రాగమా, దానిని పాడు నోరా అని విచారింపవలెను. పాట మోటుగా నున్నదందుము. పాడువాడు మోటువాడని మన తలంపు. భాష తప్పులుగా నున్నదందుము; పాడు తల్లి బడికి పోలేదని మన చిన్నచూపు. ఆ ఊరివారి పాటయని, ఆ కులమువారి పాటయని, వీధిలో యాచించువారి పాటయని వినకముందే చెవి మూసికొందుము. ఇది చెవి చేసిన తీర్పు గాదు, అహంకారము చేసిన తీర్పు.

బ్రహ్మయ్య చేతనున్న కిన్నెరనే చూడుడు. ఆ పేరుగల వాద్యము నేటికిని తెలంగాణమున పన్నెండు మెట్ల కిన్నెరగా మిగిలియున్నది. దక్కలి కళాకారులు తరతరములుగా దానిని మీటి కథలు పాడినారు. చాలకాలము అది వీధి అరుగుల యొద్దనే వినబడినది. 2022లో దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ పురస్కారము లభించిన పిమ్మట దేశమంతయు దానివైపు చెవి త్రిప్పినది. మెట్లు అవే, తీగెలు అవే. విన్నవారు మాత్రము కొత్తగా విన్నారు.

ఇక మన తెలుగు వీరశైవ సాహిత్యముననే జరిగిన పెద్ద ఉదాహరణమును విన్నవింతును. పాల్కురికి సోమనాథకవి బసవపురాణమును ద్విపదలో రచించెను. సంస్కృత సమాసములతో బరువెక్కిన గద్యపద్యములకంటె జాను తెనుగే అందరికిని చేరునని ఆయన గ్రంథారంభముననే తెలిపెను. తెలుగు మాటలే గదా యని తేలికగా చూడవలదని కూడ హెచ్చరించెను. అట్లు హెచ్చరింపవలసి వచ్చినదనగా, అట్లు తేలికగా చూచువారు ఆనాడే కలరని అర్థము.

తరువాతి కాలమున పిడుపర్తి సోమనాథకవి ఆ గ్రంథమునే పద్యకావ్యముగా రచించుచు, అందొక వృత్తాంతమును తెలిపినాడు. ఓరుగంటి ప్రభువగు ప్రతాపరుద్రుడు ఒకనాడు శివాలయమునకు వచ్చెను. అచ్చట భక్తులు గుంపుగా గూడి బసవపురాణమును చదువుచు వినుచు నుండిరి. ఆ సందడి యేమని ప్రభువు అడిగెను. ప్రక్కనున్న విప్రుడొకడు, అది సోమనాథుడు నడుమ కట్టిన ద్విపదయనియు, యతుల నియమము సరిగా లేనిదనియు, వట్టి పదమేగాని ప్రమాణగ్రంథము గాదనియు చెప్పెను. ప్రభువు ఆ మాట విని వెడలిపోయెను. ఇదీ ఆ కవి చెప్పిన కథ.

ఇందు మనము గమనింపవలసినది ప్రభువు తప్పును మాత్రమే గాదు. ఆయన పాటను విని కాదనలేదు; ప్రక్కవాని మాట విని కాదనెను. భక్తుల కన్నులలో నీరును చూచుటకు గాని, ఒక్క ద్విపదను నిలిచి వినుటకు గాని ఆయనకు తీరిక లేకపోయెను. ‘పదము’ అను ఒక్క మాట చాలెను. నేడు మనము ‘అది ముసలివాళ్ళ పాట’, ‘అది పల్లెటూరి భజన’ అనుచున్నాము. మాటలు మారినవి గాని పని యొకటే.

ద్విపదకు నియమము లేదన్న మాట కూడ నిజము గాదు. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. రెండు పాదములకు ప్రాస. మూడవ గణము మొదట యతి. ప్రాస లేనిచో మంజరీ ద్విపద యందురు. ఇది స్పష్టమైన నియమమే. అయితే సోమనాథుడు ప్రాసయతిని కూడ స్వీకరించి, గణముల విషయమున స్వేచ్ఛ తీసికొని, పాడుటకు వీలుగా నడిపించినాడు. కన్నులతో మౌనముగా చదివినచో రెండు రెండు పాదములు ఒకే తీరున సాగి చప్పగా తోచును. పాఠశాలలో విద్యార్థుల చేత చేతితో తాళము వేయించి గొంతెత్తి చదివించినచో, అదే ద్విపద పరుగెత్తును; వెనుకబల్లపై కూర్చున్న పిల్లవాడు సయితము తల ఊపును. రోకటిపోటుకు, అడుగు వేయుటకు సరిపోవు కొలత అది. దానిని పుస్తకములో వెదకువారికి దొరకదు. గొంతులో వెదకువారికి దొరకును.

ద్విపదను ఎగతాళి చేయు చాటువులు పండితలోకమున పుట్టినవి. అయినను బసవపురాణము చావలేదు. 1369లో భీమకవి దానిని కన్నడమున షట్పదిలో రచించెను. తెలుగునుండి కన్నడమునకు బసవన్న కథ అట్లు తిరిగి చేరినది. 1840లో సి.పి. బ్రౌను దొర జంగముల మతమును, వాఙ్మయమును గూర్చి ఆంగ్లమున వ్యాసము వ్రాసెను. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో బసవపురాణమును ఆంధ్రగ్రంథమాల పక్షమున ప్రకటించిరి. 1939లో చిలుకూరి నారాయణరావుగారు పండితారాధ్యచరిత్రమును పరిష్కరించి వెలువరించిరి. వీరిరువురును మన సమాజమువారు గారు. 1990లో వెల్చేరు నారాయణరావుగారును జీన్ రోగెయిర్‌గారును చేసిన బసవపురాణాంగ్లానువాదమును అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించినది. గుడిలో ప్రభువు నిలిచి విననొల్లని పదము సముద్రములు దాటినది. ఒక్క పాదమైనను మారలేదు, వినువారు మారినారు.

అయితే అన్ని పాటలకును ఇంతటి అదృష్టము పట్టలేదు. పండితారాధ్యచరిత్రమున పర్వత ప్రకరణమని యొకటి కలదు. శివరాత్రికి శ్రీశైలమునకు నడచిపోవు భక్తజనుల పాటలను సోమనాథుడు అందు పేర్కొన్నాడు. తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు, నివాళి పదములు, ప్రభాత పదములు మొదలైనవి. దంపుళ్ళ వేళ స్త్రీలు పాడు రోకటి పాటలు కూడ ఆయన చెవిని దాటిపోలేదు. అంతటి మహాకవి సామాన్యుల పాటలను నిలిచి విని, పేరుపేరునా తన గ్రంథమున చేర్చినాడు. కాని బంధువులారా, నేడు మనకు మిగిలినవి ఆ పేర్లే. ఆనాటి భక్తులు ఆ పదములలో ఏమి పాడిరో చెప్పుటకు పాటలు మిగులలేదు. సోమనాథుడు పేర్లు వ్రాసినాడు. పాటలు వ్రాసినవారు లేకపోయిరి. ఈ నష్టమును తలచుకొన్నప్పుడెల్ల మనసు కలుక్కుమనును.

వచనముల చరిత్ర కూడ ఇట్టిదే. కల్యాణమున అనుభవమంటపమునందు రాజోద్యోగి బసవన్న, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాడు పేను నులియ చందయ్య, బియ్యపు గింజలు ఏరుకొను ఆయ్దక్కి లక్కమ్మ అందరును తమతమ అనుభవములను పలికిరి. నూలు వడికిన కదిరె రెమ్మవ్వె కూడ వచనకర్త్రి. వడ్లు దంచుట కాయకముగా గల కొట్టణద సోమమ్మ పేర ఒక్క వచనము మిగిలియున్నది. ఒక్కటే! రోకలి పట్టిన ఆ చేతులు జీవితమంతయు దంచినవి. ఆ నోరు ఎన్ని పలికినదో శివునికే ఎరుక. మనకు దక్కినది ఒక్కటి.

కల్యాణ విప్లవము తరువాత శరణులు చెదిరిపోయిరి. 15వ శతాబ్దమున విజయనగరమున ప్రౌఢదేవరాయల కాలమందు విరక్తులు వచనములను మరల కూర్చిరి. అటుపిమ్మట ఆ తాళపత్రములు మఠములలోను ఇండ్లలోను మూటలలోనే యుండి, చదువువారు తగ్గిపోయిరి. విజాపురమున న్యాయవాదిగా నున్న ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు (1880–1964) ఊరూరు తిరిగి ఆ ప్రతులను సేకరించిరి. 1923లో వచనశాస్త్రసారము తొలి భాగమును వెలువరించిరి. తన యిల్లు అమ్మి ముద్రణాలయము స్థాపించిరి. 1926లో శివానుభవ పత్రికను ఆరంభించిరి. ఆయన పూనుకొనకమునుపు కొద్దిమంది వచనకారుల పేర్లే లోకమునకు తెలియును. ఆయన కృషి వలన రెండు వందలకు పైగా వచనకారులు వెలుగులోనికి వచ్చిరి.

చదువుటకు తెచ్చినవారు హళకట్టిగారైనచో, పాడి వినిపించినవారు మన గవాయీలు. అంధులైనను సంగీతమున దిట్టలగు పంచాక్షరి గవాయీగారు (1892–1944), వారి శిష్యులు పుట్టరాజ గవాయీగారు (1914–2010) గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమున అంధబాలురకు అన్నము పెట్టి పాట నేర్పిరి. ధారవాడ ప్రాంతపు మల్లికార్జున మన్సూరుగారు (1910–1992) హిందూస్థానీ రాగములలో వచనములను పాడి సంగీత సభలకు చేర్చిరి. వచనము పద్యము గాదు, కీర్తన గాదు, దీనిని పాడుటెట్లని సందేహించినవారికి మన్సూరుగారి గొంతే సమాధానమైనది.

బసవన్నకు ఈ సందేహము లేనేలేదు. తాళము, కొలత, ఛందస్సుల లెక్క తనకు తెలియదనియు, ప్రేమ కొలది పాడెదననియు ఒక వచనమున ఆయన చెప్పుకొన్నాడు. మరియొకచోట తన శరీరమునే వీణగా చేసి వాయింపుమని కూడలసంగమదేవుని వేడుకొన్నాడు. శివుడు నాదమునకు లొంగువాడు గాడు, వేదమునకు లొంగువాడు గాడు, భక్తికి లొంగువాడని ఇంకొక వచనపు తాత్పర్యము. సంగీతము చేతగాని పాటను చిన్నచూపు చూచువాడు బసవన్న ఈ మాటకు ఏమని బదులు చెప్పును?

ఇప్పుడు మన నారాయణఖేడు సంగతికి వత్తము. ఈ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున బీదరు జిల్లాలో నుండెను. బసవకల్యాణమున్నది ఆ బీదరు జిల్లాలోనే. అనగా అనుభవమంటపము వెలసిన గడ్డయు, మన గడ్డయు మొన్నమొన్నటి దాక ఒకే జిల్లా. రాష్ట్రముల పునర్విభజనతో మనము మెదకు జిల్లాలో చేరితిమి. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నాము. కచేరీల కాగితములు మారినవి గాని, మన యిండ్లలో తెలుగు, కన్నడము, మరాఠీ కలిసి వినబడుట మానలేదు. ఒక అవ్వ కన్నడమున ఎత్తుకొన్న పాటను కోడలు తెలుగున అందుకొనుట ఈ సరిహద్దు పల్లెలకు సహజమే.

ఈ పాటలకు ఆధారము పని. జొన్నలు ఇసుర్రాయిలో పోసి తెల్లవారుజామున విసరునప్పుడు విసురుపాట, వడ్లు దంచునప్పుడు దంపుడుపాట, నాట్లు వేయునప్పుడు నాటుపాట, బిడ్డను తొట్టెలలో ఊపునప్పుడు జోలపాట. శివునికి తల్లి లేదని తల్లడిల్లి తానే తల్లియైన బెజ్జమహాదేవి కథ బసవపురాణమున నున్నది గదా! బిడ్డను ఊపు ప్రతి తల్లి గొంతులోను ఆ మహాదేవి వాత్సల్యము కొంత యున్నది. పుట్టింటి తలపు, అత్తింటి బరువు, శివుని పేరు మూడును ఆ పాటలలో విడదీయరాకుండ కలిసియుండును. కాయకమే కైలాసమన్న శరణుల మాట ఆ తల్లులు గ్రంథములలో చదువలేదు. చేతులతో ఆచరించిరి, గొంతుతో పాడిరి.

ఊరికి పిండి గిర్ని వచ్చినది. ఇసుర్రాయి మూలకు చేరినది. తల్లుల రెక్కల కష్టము తగ్గుట మేలే. దానికి ఎవ్వరును విచారింపనక్కరలేదు. కాని పని పోయిన పాట నిలువనీడ లేనిదైనది. ఇసుర్రాయితో సహా పాట కూడ మూలకు చేరినది. నేడు ఆ పాటలు వచ్చినవారు వృద్ధులు. వారిని పాడుమన్నచో సిగ్గుపడుదురు. ‘అయ్యో, అవి యేమి పాటలు బిడ్డా’ అందురు. వారి కంఠమున నున్న దానిని వారే చిన్నచూపు చూచునట్లు చేసినది మన చదువే. ఇది మనము తీర్చుకొనవలసిన ఋణము.

తీర్చుకొనుటకు దారి యున్నదని పొరుగువారు చూపినారు. మహారాష్ట్రమున హేమా రాయిర్కర్‌గారును గై పోయిట్విన్‌గారును పల్లెపల్లె తిరిగి, స్త్రీలు ఇసుర్రాయి వద్ద పాడు ఓవీలను లక్షకు పైగా సేకరించిరి. మన తెలుగున బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై పరిశోధించి 1958లో తెలుగు జానపదగేయ సాహిత్యమును ప్రకటించి, వీధిపాటకు విశ్వవిద్యాలయమున పీట వేసిరి. మన సమాజపు స్త్రీల పాటలకై మనము చేయవలసిన పని మిగిలియే యున్నది.

ఇచ్చట కొందరు పెద్దలు అడుగవచ్చును: పాత పాటలన్నియు గొప్పవేనా? సినిమా వరుసలలో పిల్లలు పాడు భజనలను కూడ తల యూచి వినవలెనా? ఇది తోసివేయదగిన ప్రశ్న గాదు. పాతదగుట వలన ఏ పాటయు పవిత్రము గాదు. సాటి మనుష్యుని కించపరచు పాట ఎంత పాతదైనను విడువదగినదే. అయితే ఒక పాటను విడుచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఎవరికి అర్పింపబడుచున్నది? దీని వెనుక ఏ కష్టము, ఏ కాయకము ఉన్నది? దీనిని విన్న పిమ్మట నాలోని ‘నేను’ కరగునా, బలియునా? ఈ మూడింటికి నిలిచిన పాట ఏ వరుసలో నున్నను శరణులకు ఆమోదయోగ్యమే. సోమనాథుడు తనకాలపు జనుల వాడుకలోని వరుసలను అంటరానివని అనలేదు. కనుక పెద్దలు పిల్లల భజనను ఒక్కసారి పూర్తిగా వినవలెను. పిల్లలు అవ్వల పాటను ఒక్కసారి పూర్తిగా వినవలెను. ప్రతాపరుద్రుని వలె గుమ్మము నుండియే మరలిపోవుట ఇరువురకును తగదు.

ఇష్టము వెంటనే కలుగవలెనని నియమము లేదు. మొదటిసారి విన్నప్పుడు మాట తెలియకపోవచ్చును. రెండవసారి అర్థమడుగుడు. మూడవసారి ఏ పని చేయుచు పాడెదరో ఆ పని చేయుచు పాడించుకొని వినుడు. ఇసుర్రాయి పిడి పట్టుకొని ఒక్క చుట్టు త్రిప్పినవానికి విసురుపాట ఎందుకు అచ్చట ఆగునో, ఎందుకు అచ్చట సాగునో తానే తెలియును. ఊపిరి తీసికొనుటకే ఆ విరామము. రాయి బరువుకే ఆ సాగదీత. దానిని తాళము తప్పినదనుకొన్నవాడు రాయిని త్రిప్పి యెరుగడు.

కావున మన కుటుంబములకును మఠములకును నా విన్నపములు ఇవి. ప్రతి యింటను ఒక నోటుపుస్తకము పెట్టుడు. అవ్వ, అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త, ఎవరికి పాట వచ్చినను వారి యొద్ద కూర్చుండి వ్రాయుడు. పాట ఏ భాషలో నున్నది, ఏ ఊరినుండి వచ్చినది, ఏ పనికి పాడుదురు, ఎవరి వద్ద నేర్చిరి అను నాలుగు సంగతులు ప్రక్కన వ్రాయుడు. మాటలను దిద్దవలదు, పలికినది పలికినట్లే వ్రాయుడు. చదువుకొన్నవారి దిద్దుబాటు వలన చచ్చిన పాటలు పెక్కు. నేడు ప్రతి చేతిలోను సెల్‌ఫోను ఉన్నది. పాటను ముద్రించి దాచుట క్షణములో పని. గొంతును కూడ దాచుడు, ఎందుకనగా కాగితముపై వరుస నిలువదు.

బసవ జయంతినాడు మఠమున ఉపన్యాసకులను పిలుచుట ఆచారమే. ఆనాడు ఉపన్యాసమునకు ముందు ఒక గడియ మన వృద్ధమాతలకు ఇయ్యవలెను. వేదికపై కూర్చుండుటకు వారు సంకోచింతురు. కావున మఠాధిపతులే వారిని సగౌరవముగా పిలువవలెను. వారు పాడునప్పుడు యువకులు లేచి వెలుపలికి పోకుండ కూర్చుండవలెను. పాట ముగిసిన పిమ్మట ఒక బాలిక దాని అర్థమును సభకు చెప్పవలెను. ఇంత చేసినచో, ఏటికి పది పాటలు దక్కినను చాలును. సోమనాథుని గ్రంథమున పేర్లు మాత్రమే మిగిలిన పదముల గతి మన యింటి పాటలకు పట్టదు.

లింగధారణ చేసిన దేహమున చెవి కూడ లింగస్థానమే. దాని గుమ్మమున ద్వేషమును కాపలా ఉంచినచో ప్రసాదము లోనికి రాదు. కిన్నర బ్రహ్మయ్యను వెదకుచు నడచిన బసవన్న అడుగులను తలచుకొని, మనము కూడ ఈ వారమే మన యింటిలోని ఒక వృద్ధురాలి యొద్దకు నడచి, ‘అవ్వా, ఆ పాట ఒక్కసారి పాడవా’ అని అడుగుదము. ఆమె పాడునంతసేపు చేతులు జోడించి విందము. విన్నదానిని ప్రసాదలింగమునకు అర్పింతము.

అందరికిని గురుబసవన్న సద్బుద్ధినిచ్చి కాపాడుగాక.